డిజిటల్ బొమ్మ: సొంతంగా నేర్చుకునేవాళ్ల అపోహలు - వాస్తవాలు

పిల్లల కథలకి బొమ్మలు వేయడం నా పని. ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. మొదట ఫోన్‌లో ఐబిస్ పెయింట్ అనే యాప్ మీద వేలితో వేశాను, తర్వాత ఒక పాత ల్యాప్‌టాప్‌లో క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌కి మారాను. ఇప్పుడు ఆదివారాలు కొంతమంది పిల్లలకి నేర్పుతున్నాను. నేను పడ్డ గోతుల్లోనే వాళ్లూ వరసగా పడుతున్నారు.

అపోహ: సొంత టెక్నిక్ అంటే ఎవరినీ చూడకుండా కనిపెట్టుకునేది.

వాస్తవం: నాకు తెలిసి సొంత టెక్నిక్ ఎప్పుడూ ఒక చికాకుతో మొదలవుతుంది. ఒకే రకం చోట నాలుగుసార్లు చేయి ఆగిపోయిందంటే, అక్కడ తేల్చుకోవాల్సిందేదో ఉంది. దానికి జవాబు వెతకడంలో పెద్దవాళ్ల బొమ్మలు చూడటం కూడా ఒక భాగమే. బాపు గారు చదివింది లా, అయినా ఆయన గీతని కాపీ కొట్టి చూడని తెలుగు ఆర్టిస్టు దొరకడం కష్టం. నేనైతే వడ్డాది పాపయ్య గారి చందమామ అట్టబొమ్మలతో కుస్తీ పట్టాను. పది నిమిషాలు బొమ్మ చూసి, మూసేసి, గుర్తున్నంతవరకు వేయడం. మళ్లీ తెరిచి పక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో నోట్‌బుక్‌లో ఒక లైను రాయడం. ట్రేసింగ్ చేస్తే చేతికి కాస్త వ్యాయామం, కంటికి సెలవు. ఇలా వేసినవాటిని సొంత బొమ్మలని చెప్పి అమ్ముకోవడం మాత్రం వేరే సంగతి, దాని పేరు అందరికీ తెలుసు.

అపోహ: పెన్నుతో గీసే ఖరీదైన టాబ్లెట్ ఉంటేనే గీత బాగా వస్తుంది.

వాస్తవం: డబ్బా మీద 8192 ప్రెషర్ లెవెల్స్ అని రాసి ఉంటుంది, అంటే పెన్ను ఎంత గట్టిగా నొక్కామో కొలిచే మెట్లు. 2048కీ దానికీ తేడా నా చేతికి ఎప్పుడూ తెలియలేదు. సెట్టింగ్స్‌లో ప్రెషర్ కర్వ్‌ని మీ చేతి బరువుకి తగ్గట్టు మార్చుకోండి, అది తెలుస్తుంది.

అపోహ: మంచి బ్రష్ ప్యాక్ దొరికితే స్టైల్ దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఒకప్పుడు నా దగ్గర ఆరేడు వందల బ్రష్‌లు ఉండేవి. వాడింది ఐదు. అందులో ఒకటి నేను చేసుకున్నది, అదెలా వచ్చిందో చెబితే విషయం అర్థమవుతుంది.

శ్రీకాళహస్తి కలంకారీ గీత లాంటిది నా బొమ్మల్లోకి రావాలని కోరిక. ముందు చేసిన పని, అంచులు గరుకుగా ఉండే బ్రష్ ఒకటి తెచ్చి, దానికి ఇంకాస్త గరుకుదనం కలపడం. చేతిపని కదా, గరుగ్గా ఉంటుందనుకున్నాను. చూస్తే బొగ్గుతో గీసినట్టు వచ్చింది. అసలు గుడ్డ ఒకటి దగ్గర పెట్టుకుని చూస్తే అంచు చాలా శుభ్రంగా ఉంది. ఎందుకంటే ఆ గుడ్డని ముందే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి అందులో నానబెడతారు, రంగు పక్కలకి పాకదు. గీతకి ప్రాణం అంచు దగ్గర లేదు, పొడవులో ఉంది. కలమంటే చెక్కిన వెదురు పుల్ల, మొనకి కాస్త పైన చుట్టిన గుడ్డ. ఆ గుడ్డే రంగు పట్టి ఉంచుతుంది. ముంచగానే గీత నిండుగా వస్తుంది, పోనుపోను సన్నబడుతుంది, మళ్లీ ముంచాలి.

అప్పుడు వెలిగింది. నేను బ్రష్ సైజుని ప్రెషర్‌కి కట్టేశాను. కట్టాల్సింది గీత నడిచిన దూరానికి. క్రిటా బ్రష్ ఎడిటర్‌లో సైజు కింద, అది దేన్నిబట్టి మారాలో ఎంచుకునే సెన్సర్ల జాబితా ఉంటుంది. అందులో ప్రెషర్ తీసేసి డిస్టెన్స్ పెట్టి, కర్వ్‌ని పైనుంచి కిందికి మెల్లగా దించాను. ఫోటోషాప్‌లో అయితే సైజ్ జిటర్ కింద ఫేడ్ అనే కంట్రోల్ దాదాపు ఇదే పని చేస్తుంది. ఇప్పుడు గీత సన్నబడ్డాక స్టైలస్ (టాబ్లెట్ పెన్ను) ఎత్తి మళ్లీ పెట్టాలి, ముంచినట్టే. ఒక చీర అంచు వేయడానికి ఎన్నిసార్లు చేయి ఎత్తాలో అన్నిసార్లూ ఎత్తాల్సిందే. మొదట్లో విసుగు పుట్టింది కానీ ఆ ఆగడంలోంచే లయ వచ్చింది. ఇంకో లాభం, దీనికి ప్రెషర్ అక్కర్లేదు, మౌస్‌తో గీసినా పనిచేస్తుంది.

అపోహ: కంప్యూటరే వేస్తుంది.

వాస్తవం: దీనికి జవాబు చెప్పడం మానేశాను. మా పెద్దమ్మ ఇప్పటికీ "ఏ బటన్ నొక్కితే ఏనుగొస్తుందిరా" అని అడుగుతుంది.

అపోహ: రంగులు కాగితం మీద కలిసినట్టే స్క్రీన్ మీదా కలుస్తాయి.

వాస్తవం: ఇప్పుడే పరీక్షించండి. స్క్రీన్ మీద దొరికే పూర్తి పసుపు ఒకవైపు, పూర్తి నీలం ఒకవైపు వేసి, మధ్యలో ఒకదానిమీద ఒకటి సగం సగం కలపండి. చిన్నప్పుడు డ్రాయింగ్ టీచర్ చెప్పిన ఆకుపచ్చ రాదు. బూడిద రంగు వస్తుంది. మామూలు బ్రష్‌కి రంగంటే మూడు అంకెలే: ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు ఎంతెంత అని. పసుపు 255, 255, 0. నీలం 0, 0, 255. సగటు తీస్తే మూడూ దాదాపు 128, అంటే బూడిద. కాగితం మీద జరిగేది వేరు. అక్కడ పసుపు రంగు నీలపు వెలుగుని మింగేస్తుంది, నీలం రంగు ఎరుపు వెలుగుని మింగేస్తుంది, ఇద్దరూ వదిలేసిన ఆకుపచ్చ మన కంటికి చేరుతుంది. అసలు రంగుల్లా కలిపే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి, కానీ మామూలు బ్రష్ ఆ లెక్క చేయదు.

ఇది తెలియక నా బొమ్మల్లో రెండు రంగులు కలిసే చోటల్లా బురదలా ఉండేది. నా చేతిలోనే ఏదో లోపం ఉందని చాలాకాలం టెన్షన్ పడ్డాను. ఇప్పుడు రంగుల్ని పులిమి కలిపే స్మడ్జ్ టూల్‌ని నమ్ముకోను. రెండు రంగుల మధ్య రావాల్సిన మూడో రంగుని నేనే ఎంచి, సన్నని పట్టీగా వేసి, ఆ తర్వాతే అంచులు కలుపుతాను. దాన్ని తోడు రంగు అంటాను, పాలకి తోడు వేసినట్టు కొంచెమే వేయాలి. చర్మం వేసేటప్పుడు వెలుగుకీ నీడకీ మధ్య కాస్త ఎరుపు ఎక్కువున్న తోడు పెడితే ముఖానికి జీవం వస్తుంది.

దీనికి చెల్లెలు లాంటి పొరపాటు ఇంకొకటి. వెలుగునీడలు సరిగా ఉన్నాయో లేదో చూడటానికి బొమ్మని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడమంటారు. మంచి సలహానే. కానీ ఫోటోషాప్‌లో రంగు తీసేసే డీశాచురేట్ నొక్కితే పూర్తి పసుపు, పూర్తి నీలం రెండూ అచ్చం ఒకే బూడిదలా కనిపిస్తాయి. మన కంటికేమో పసుపు దాదాపు తెలుపంత వెలుగు, నీలం దాదాపు నలుపంత ముదురు. దానికి బదులు అన్నిటికంటే పైన నలుపు నింపిన లేయర్ (బొమ్మ మీద పరిచే పొర) పెట్టి, అది కింది పొరలతో ఎలా కలవాలో చెప్పే బ్లెండ్ మోడ్‌ని కలర్‌కి మార్చి చూడండి. చూశాక ఆ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు నొక్కి దాచేయండి, తీసేయొద్దు, పది నిమిషాలకోసారి అవసరం పడుతుంది.

అపోహ: గీసింది వెనక్కి తీసే అన్‌డూ ఉంది కాబట్టి త్వరగా నేర్చుకోవచ్చు.

వాస్తవం: ఫోటోషాప్‌లో 1998లో 5.0 వెర్షన్ వచ్చేదాకా ఒక్క అడుగే వెనక్కి వెళ్లగలిగేవారు. ఇప్పుడు తప్పుని పూర్తిగా చూడకముందే మాయం చేసేస్తున్నాం. నేను అన్‌డూ బదులు కొత్త లేయర్ తీసి పక్కనే మళ్లీ గీస్తాను. అలా పోగుపడ్డ తప్పుల్ని ఒకరోజు వరసగా చూస్తే, కుడి నుంచి ఎడమకి వంచే గీతలన్నీ మధ్యలో కుంగుతున్నాయి. మందు సులువే. కాన్వాస్ తిప్పుకుని గీయడం, క్రిటాలో 4, 6 అంకెలు నొక్కితే తిరుగుతుంది.

అపోహ: స్క్రీన్ మీద కనిపించిందే అచ్చులోనూ వస్తుంది.

వాస్తవం: నా మొదటి పుస్తకం అట్ట మీద చిలుక ఉంది. స్క్రీన్ మీద నిగనిగలాడే పచ్చ. అచ్చయి వచ్చాక ఎండిన గోరింటాకులా ఉంది. ప్రెస్ వాళ్లతో గట్టిగానే వాదించాను, తర్వాత సిగ్గుపడ్డాను. స్క్రీన్ ఇచ్చేది వెలుగు. ప్రెస్ దగ్గరుండేవి నాలుగు ఇంకులు: సయాన్, మజెంటా, పసుపు, నలుపు. ఆ నాలుగింటినీ ఎలా కలిపినా ఆ పచ్చ రాదు. పైగా కాన్వాస్ వెడల్పు 1080 పిక్సెళ్లే పెట్టాను, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర అది సుమారు 9 సెంటీమీటర్లే. ఏ4కి 2480 × 3508 కావాలి.

ఆ దెబ్బతో ఒక పద్ధతి పెట్టుకున్నాను. నేను వాడే నలభై రంగుల్నీ చిన్న గళ్లుగా చేసి, కింద నంబర్లు వేసి, పని చేయబోయే ప్రెస్‌లోనే ఒక కాగితం మీద అచ్చు వేయించుకుంటాను. ఆ కాగితం గోడకి ఉంటుంది. రంగు ఎంచేటప్పుడు స్క్రీన్ వైపు చూడను, గోడ మీద నంబరు చూసి ఫైల్‌లో ఆ గడి నుంచి ఐడ్రాపర్‌తో (తాకిన చోటి రంగుని తీసుకునే టూల్) తీసుకుంటాను. ప్రెస్ మారితే కాగితం మారుతుంది.

ఇది పోయిన ఆదివారం పిల్లలకి వివరంగా చెప్పాను. అంతా విని ఒక కుర్రాడు ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. ఎందుకురా అంటే, "ఫోటోలోంచి ఐడ్రాపర్‌తో రంగులు తీసుకుంటాను సార్" అన్నాడు.