సొంత బండి ఉన్నవారికి ప్రాధాన్యం

హన్మకొండలో స్వచ్ఛంద సంస్థల ఉద్యోగ ప్రకటనలు చూస్తే ఒక వాక్యం తరచూ తగులుతుంది: ఎంఎస్‌డబ్ల్యూ (సమాజసేవలో పీజీ) చదివి ఉండాలి, సొంత బండి ఉన్నవారికి ప్రాధాన్యం. బండి ఫీల్డ్‌కి. పదేళ్లు ఊళ్లు తిరిగాక ఆ మనిషి ఏమవుతాడో ప్రకటనలో ఉండదు. ఫీల్డ్ వర్కరు కోఆర్డినేటర్ అవుతాడు. కాస్త ఇంగ్లిష్‌లో రిపోర్టు రాయగలిగితే ప్రాజెక్టు మేనేజర్. అక్కడితో మెట్లు అయిపోతాయి. ఆపైన ఉన్నది వ్యవస్థాపకుల కుర్చీ.

ఈ చిక్కు పాతదే. పాత సంస్థల గోడకు వేలాడే రిజిస్ట్రేషన్ పత్రం చూడండి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టానికి ముందుదైతే తెలంగాణ ప్రాంత పబ్లిక్ సొసైటీల చట్టం, 1350 ఫస్లీ అని ఉంటుంది. నిజాం నాటి చట్టం అది. కాగితం మీద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అంతా ఉంటారు. చాలాచోట్ల నడిపింది మాత్రం ఒక్కరే, వాళ్లింటి ముందుగదిలోనే ఆఫీసు.

సమాజసేవను చదువుగా చెప్పడం బొంబాయిలో టాటా స్కూల్‌తో 1936లోనే మొదలైంది. పల్లె సంస్థలకు మేనేజర్లు కావాలని అమూల్ కురియన్ 1979లో గుజరాత్‌లోని ఆనంద్‌లో ఇర్మా అనే గ్రామీణ మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ పెట్టారు. ఆనంద్ వెనక పాల సంఘాలున్నాయి, చదివొచ్చిన పిల్లలకు జీతమివ్వగలవు. విరాళాల మీద నడిచే ఓరుగల్లు సంస్థలకు ఆ రాబడి ఎక్కడిది?

నన్నడిగితే ఇక్కడ మేనేజ్‌మెంట్ ముందు ఒంటబట్టింది సహకార సంఘాలకే. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి ముల్కనూరులో పరపతి సంఘం పెట్టారు. 1990ల్లో కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో మహిళా పొదుపు సంఘాలను నిలబెట్టింది. నెలకో తారీఖు. చాప మీద పాస్‌బుక్కుల దొంతర, పక్కన పైసల డబ్బా. లెక్క చూసే అమ్మాయి పేరు పిలుస్తుంటే ఒక్కొక్కరూ వచ్చి పైసలు కడతారు. మొత్తం తేలేదాకా ఎవరూ లేవరు. చదువు రానివాళ్లకు కూడా తమ నిల్వ ఎంతో నోటికొచ్చు. బ్యాలెన్స్ షీటంటే అదే కదా!

1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చాక సర్కారు వాటా, సర్కారు పెత్తనం అక్కర్లేని సంఘాలకు దారి దొరికింది. ఆ చట్టం కిందే 2000లో ముల్కనూరు మహిళా డెయిరీ పాలు సేకరించడం మొదలుపెట్టింది. అక్కడ పాలు పోసే ఆడవాళ్లే బోర్డు. జీతం తీసుకునే మేనేజరు వాళ్ల ముందు కూర్చుని జవాబు చెప్పాలి. వ్యవస్థాపకుడు, మేనేజరు ఒక్కరే అయిన ఎన్జీవోలో ఆ ప్రశ్న అడిగేవాళ్లెవరు?

అదే 2000లో సర్కారు పెట్టిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ వచ్చింది, వెంటే దాని పథకం ‘వెలుగు’. మండలాల్లో సీసీలు (కమ్యూనిటీ కోఆర్డినేటర్లు), ఏపీఎంలు (అసిస్టెంట్ ప్రాజెక్ట్ మేనేజర్లు) అని కొత్త కొలువులు పుట్టాయి. జీతం నెలనెలా పడేది కనుక ఎన్జీవోల్లో నలిగినవాళ్లు కొందరు అటు వెళ్లారు. ఇక 1991లో ఏర్పడిన బాలవికాస అనే స్వచ్ఛంద సంస్థ కాజీపేట దగ్గర ప్రత్యేకంగా శిక్షణ కేంద్రమే కట్టింది. వేరే రాష్ట్రాల వాళ్లే కాదు, విదేశాల వాళ్లూ వచ్చి నేర్చుకున్నారు.

2014 నుంచి కంపెనీల సీఎస్‌ఆర్ డబ్బు, అంటే సామాజిక బాధ్యత కింద చట్టం ప్రకారం పెట్టాల్సిన ఖర్చు, వచ్చింది. మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం. దానితో పాటు కొత్త భాష: ఇంపాక్ట్, డ్యాష్‌బోర్డు, మైల్‌స్టోన్. శిక్షణలూ అటే మళ్లాయి. ప్రపోజల్ ఎలా రాయాలో మూడు రోజులు చెబుతారు. నా తర్వాత ఎవరు అన్న మాట భోజనాల దగ్గర తప్ప రాదు.

అసలు దెబ్బ 2020లో తగిలింది. విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, పరిపాలన ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి దించారు. పనులు నడిపించే మనిషి జీతం ఆ ఇరవైలోనే పడుతుంది. శిక్షణ లేదా పరిశోధనే ప్రధాన పనైన సంస్థల్లో ట్రైనర్ల జీతానికి మినహాయింపు ఉంది. చట్టం కళ్లకు బోధించేవాళ్లు పని, నడిపించేవాళ్లు ఖర్చు.

అలాంటి ఒక శిక్షణ సంస్థ కమిటీ మీటింగులో నేనూ కూర్చున్నాను. డైరెక్టరు సారు తర్వాత ఆఫీసంతా చూసుకునే ఒక మేడమ్ జీతం పెంచాలని తీర్మానం. కోశాధికారి పెన్ను మూసి అడిగారు, “ఏ హెడ్‌లో రాయమంటారు, ట్రైనింగ్ ఖర్చులోనా, పరిపాలన ఖర్చులోనా?” కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పదహారేళ్ల సర్వీసున్న ఆ మేడమ్ కార్డు మీద ఇప్పటికీ ‘సీనియర్ ట్రైనర్’ అనే ఉంది.