2020 సెప్టెంబరు చివరి వారం: చిన్న అనాథాశ్రమాలకు విదేశీ సొమ్ము ఎలా ఆగింది

విదేశీ విరాళాలు తీసుకోవడానికి సంస్థలకు కేంద్ర హోం శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ల రద్దు గురించో, రెన్యువల్ నిరాకరణ గురించో వార్త వచ్చిన ప్రతిసారీ కోస్తా జిల్లాల్లోని చిన్న అనాథాశ్రమాల ప్రస్తావన మళ్లీ పైకి వస్తోంది. పాతిక ముప్పై మంది పిల్లలు, వారిని చూసుకునే ఒక పాస్టరు కుటుంబమో విశ్రాంత ఉపాధ్యాయుడో, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న ఒక సంఘం నెలనెలా పంపే డబ్బు: ఈ ఆశ్రమాల స్వరూపం దాదాపు ఇంతే. ఈ కథను మిషనరీల నాటి బోర్డింగ్ స్కూళ్లతో మొదలుపెట్టి, ఎమర్జెన్సీలో వచ్చిన 1976 విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మీదుగా, దాని స్థానంలో వచ్చిన 2010 చట్టం దాకా చెప్పడం ఆనవాయితీ. అదంతా పాఠకులకు తెలిసినదే. ఇప్పటి వివాదం అర్థం కావడానికి అంత వెనక్కి వెళ్లనక్కరలేదు. 2020 సెప్టెంబరు చివరి వారంలో ఢిల్లీ నుంచి వెలువడిన రెండు నిర్ణయాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

మొదటిది విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి చేసిన సవరణ. సెప్టెంబరు 20న లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లు 21న అక్కడ, 23న రాజ్యసభలో ఆమోదం పొంది 29 నుంచి అమలులోకి వచ్చింది. కోవిడ్ రోజుల్లో, పది రోజుల్లోపే పూర్తయిన ఈ తతంగంలో పత్రికల దృష్టి మూడు అంశాల మీద నిలిచింది: విదేశీ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలనడం, సంస్థ బాధ్యుల ఆధార్ వివరాలు కోరడం, పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించడం. చిన్న ఆశ్రమాలను నేలకూల్చింది వీటిలో ఏదీ కాదు. ఏడో సెక్షన్‌ను మార్చి, ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని అది మరే సంస్థకూ, వ్యక్తికీ బదిలీ చేయరాదని నిషేధించడమే వాటికి గొడ్డలిపెట్టు అయింది.

అంతకు ముందు డబ్బు ఎలా నడిచేదో చూస్తేనే ఈ నిషేధం బరువు తెలుస్తుంది. మండల కేంద్రంలోని ఆశ్రమానికి హోం శాఖ రిజిస్ట్రేషన్ తెచ్చుకునే స్తోమత గానీ, ఏటా రిటర్నులు దాఖలు చేసే చార్టర్డ్ అకౌంటెంట్ గానీ ఉండడం అరుదు. అందుచేత విదేశీ దాత తన సొమ్మును విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ వంటి చోట్ల రిజిస్ట్రేషన్ ఉన్న ఒక పెద్ద ట్రస్టుకు పంపేవారు. ఆ ట్రస్టు నిబంధనలకు లోబడి ఆశ్రమాలకు వాటాలు పంచి, వాటి నుంచి యూటిలైజేషన్ సర్టిఫికెట్లు (సొమ్ము దేనికి ఖర్చయిందో చెప్పే పత్రాలు) తీసుకుని, హోం శాఖకు తన లెక్కలో చూపించేది. ఆశ్రమం వారు పిల్లల ఫొటోలు, మార్కుల జాబితాలు, క్రిస్మస్‌కు పిల్లల చేత రాయించిన ఉత్తరాలు పంపేవారు. ఈ ఏర్పాటులో లోపాలు లేవని ఎవరూ అనరు. అయితే బియ్యం కొట్టు బాకీ, స్కూలు ఫీజు, వంటమనిషి జీతం నెల తిరిగేసరికి తీరేది ఈ దారిలోనే. సెప్టెంబరు 29 తరువాత పెద్ద ట్రస్టు ఖాతాలో సొమ్ము ఉన్నా దాన్ని ఆశ్రమానికి పంపితే నేరమైంది.

అయితే సొంతంగా రిజిస్ట్రేషన్ తెచ్చుకోవచ్చు కదా అని అధికారులు అడుగుతారు. సంస్థకు మూడేళ్ల వయసు ఉండాలి; గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో సేవా కార్యక్రమాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. పాతిక మంది పిల్లలకు తలకు నెలకు 3,000 వేసుకున్నా ఏడాదికి 9 లక్షలు అవుతుంది గనుక ఖర్చు విషయంలో ఇది పెద్ద అడ్డంకి కాదు. ఆ ఖర్చుకు ఆడిట్ అయిన లెక్కలు చూపడం, ఆ పైన వచ్చే విచారణను తట్టుకోవడం దగ్గర చిన్నవారు ఆగిపోతారు. నిర్వాహకులు చెప్పే మరో దారి, పెద్ద ట్రస్టే ఆశ్రమాన్ని తన శాఖగా కలిపేసుకుని జీతాలు, బిల్లులు నేరుగా చెల్లించడం. అప్పుడు 20 శాతం పరిమితి ఎదురవుతుంది. బడి ఉపాధ్యాయుడి జీతం, ఆసుపత్రి డాక్టరు జీతం పరిపాలన ఖర్చు కాదని నిబంధనలు ఉదాహరణలతో చెప్పాయి. రాత్రంతా పిల్లల దగ్గర పడుకునే వార్డెన్ ఆ ఉదాహరణల్లో లేరు.

రెండో నిర్ణయం సెప్టెంబరు 24 ప్రాంతంలో బయటికి వచ్చింది. పిల్లల సంరక్షణ సంస్థల్లో ఉన్నవారిని 100 రోజుల్లో కుటుంబాల వద్దకు చేర్చేలా చూడాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఎనిమిది రాష్ట్రాల కలెక్టర్లను కోరింది. ఆ ఎనిమిదింటిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. దేశంలోని సంరక్షణ సంస్థల్లో ఉన్న 2.56 లక్షల మంది పిల్లల్లో 1.84 లక్షల మంది ఈ రాష్ట్రాల్లోనే ఉన్నారని కమిషన్ లెక్క చెప్పింది. డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్క ఇంకా విస్మయం కలిగిస్తుంది: 2,27,518 మందిలో 1,45,788 మంది కోవిడ్ కాలంలో కుటుంబాలకో సంరక్షకులకో చేరారు. అనాథలని చెప్పి ఎవరి పేరున విదేశాల్లో విరాళాలు అడిగారో ఆ పిల్లల్లో చాలామందికి ఇంటి దగ్గర తల్లో తండ్రో అమ్మమ్మో ఉన్నారన్న మాట. ఆశ్రమాల పక్షం వారు ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన సందర్భాలు తక్కువ. వలస కూలీ కుటుంబానికి ఆశ్రమం అంటే అన్నం పెట్టి బడికి పంపే హాస్టల్ అని వారంటారు. అది నిజమే, కానీ దాత చేతికి వెళ్లిన కాగితంలో ఆ మాట ఉండేది కాదు.

ప్రభుత్వ పక్షానికి ఉన్న అనుమానాలు ఊరికే పుట్టలేదు. 1999లోనూ 2001లోనూ తండాల నుంచి లంబాడా పసికందులను కొని విదేశీ దత్తతకు పంపుతున్న వ్యవహారం హైదరాబాద్ ఆశ్రమాల్లో బయటపడింది. 2015 బాల న్యాయ చట్టం ప్రతి సంరక్షణ సంస్థా రిజిస్టరు కావాలని, దొరికిన పిల్లలను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలని చెప్పింది. 2018లో వెలువడిన కేంద్ర అధ్యయనం పరిశీలించిన 9,589 సంస్థల్లో ఆ చట్టం కింద రిజిస్టరైనవి మూడో వంతుకు లోపే. అదే ఏడాది బయటికొచ్చిన ముజఫర్‌పూర్ ఘోరాన్ని, అంటే అక్కడి గృహంలో బాలికలపై జరిగిన లైంగిక దాడులను, ఈ వాదనకు తోడు తెస్తుంటారు గానీ, ఆ బాలికా గృహం నడిచింది విదేశీ సొమ్ముతో కాదు, బీహార్ ప్రభుత్వ నిధులతో.

ఈ రెండు నిర్ణయాలూ ఒకే వారంలో రావడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆశ్రమానికి డబ్బు ఆగింది, పిల్లవాడు ఇంటికి వెళ్లాడు, అతని పేరున వచ్చే విదేశీ సొమ్ము మాత్రం అతని వెంట వెళ్లే దారి లేకపోయింది. ఇంటికి చేరిన పిల్లల చదువుకు నెలకు 2,000 రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆ డిసెంబరులో ఆదేశించింది. 2022లో కేంద్ర బాలల సంరక్షణ పథకమైన మిషన్ వాత్సల్య కింద ఇలాంటి నెలసరి సాయం (స్పాన్సర్‌షిప్) 4,000 అయింది. ఇక్కడ 2020 నుంచి మూడు నాలుగేళ్లు వెనక్కి వెళ్లి ఒక విషయం గుర్తు చేసుకోవాలి. పిల్లలను ఇంటి దగ్గరే ఉంచి, స్థానిక కేంద్రాల ద్వారా చదువుకు, భోజనానికి సాయం చేసిన పెద్ద సంస్థ, అమెరికాకు చెందిన క్రైస్తవ సేవా సంస్థ కంపాషన్ ఇంటర్నేషనల్. 2016లో హోం శాఖ దాన్ని ముందస్తు అనుమతి జాబితాలో పెట్టింది; అంటే అది పంపే సొమ్ముకు ముందుగా హోం శాఖ అనుమతి కావాలి. మత మార్పిడి ఆరోపణలను ఆ సంస్థ ఖండించినా ఫలితం లేక, 2017 మార్చిలో దాదాపు 1.45 లక్షల మంది పిల్లలకు సాయం ఆపి దేశం విడిచి వెళ్లింది. పిల్లలు కుటుంబాల్లోనే పెరగాలన్న నేటి విధానానికి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న విదేశీ సొమ్ము అలా ముందే పోయింది.

ప్రవాసాంధ్రులు పంపే డబ్బు సంగతి వేరు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది చట్టం దృష్టిలో విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న వెంటనే అదే మనిషి, అదే ఖాతా నుంచి పంపినా విదేశీ విరాళమే, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే. ఒకే ఇంట్లో గ్రీన్ కార్డు మీద ఉన్న భర్త ఆశ్రమానికి నేరుగా పంపవచ్చు. పౌరురాలైన భార్య పంపకూడదు. కొన్ని ఆశ్రమాలు ఈ దారినే ఇప్పుడు నమ్ముకున్నాయి.

2020 సవరణలను సవాలు చేసిన నోయెల్ హార్పర్ కేసులో 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. విదేశీ విరాళం పొందడం సంపూర్ణ హక్కు కాదని చెప్పి, ఆధార్ స్థానంలో పాస్‌పోర్టు చూపే వెసులుబాటు మాత్రం భారతీయ బాధ్యులకు ఇచ్చింది. చేతులు మారేకొద్దీ సొమ్ము జాడ దొరకడం లేదన్న ప్రభుత్వ వాదనను కోర్టు అంగీకరించింది. అప్పటికే ఆ ఏడాది జనవరి 1 నాటికి అమలులో ఉన్న రిజిస్ట్రేషన్లు 22,762 నుంచి 16,829కి పడిపోయాయి. అలా తగ్గిపోయిన సంస్థల్లో ఎక్కువ భాగం రెన్యువల్‌కు దరఖాస్తే చేయలేదు.

ఇక మిగిలిన తగవు భవనాలది. రిజిస్ట్రేషన్ రద్దయినా, సంస్థ తనంతట తానే వదులుకున్నా, విదేశీ విరాళంతో ఏర్పడిన ఆస్తి పదిహేనో సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నియమించిన అధికారి పరం అవుతుంది. తగిన నిధులు లేకపోతే అమ్మే అధికారం కూడా ఆ అధికారికి ఉంది. సంస్థకు తరువాత మళ్లీ రిజిస్ట్రేషన్ వస్తే ఆస్తి తిరిగి ఇవ్వాలి. పెద్ద ట్రస్టు ఇచ్చిన సొమ్ముతో ఆశ్రమం తన స్థలంలో కట్టుకున్న రెండు గదులు, ఆ ట్రస్టు రిజిస్ట్రేషన్ పోయినప్పుడు ఎవరివన్నది ఇప్పుడు నిర్వాహకులు లాయర్ల దగ్గరికి తీసుకెళ్తున్న మొదటి ప్రశ్న.