టైం సరిగ్గా చూపించినంత మాత్రాన వాచీ బాగున్నట్టు కాదు

బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళ ఇంట్లో బీరువా సొరుగు లాగితే నాలుగు రకాల వాచీలు ఒకేచోట కనిపించడం మామూలే. ఓ హెచ్‌ఎంటీ జనతా, పెళ్ళికి పెట్టిన టైటాన్, గల్ఫ్ నుంచి బంధువులు తెచ్చిన సీకో 5, ఒక కాసియో డిజిటల్. వీటిలో దేనికి సర్వీసింగు చేయించాలి, దేన్ని ఎవరికైనా ఇచ్చేయాలి అని తేల్చుకోవడానికి చాలామంది చేసే పని ఒకటే: అన్నిటికీ ఒకేసారి టైం పెట్టి, రెండ్రోజులయ్యాక ఫోనుతో సరిచూడటం. ఆ పోటీలో క్వార్ట్జ్, అంటే సెల్‌తో నడిచే వాచీయే నెగ్గుతుంది, ఎప్పుడైనా. లోపలి యంత్రం ఎంత అరిగిందో మాత్రం ఆ పరీక్ష చెప్పదు.

ముందు కీ ఇచ్చే వాచీ సంగతి చూద్దాం. జపాన్ కంపెనీ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల్లో జనతా, పైలట్ లాంటివాటి బ్యాలెన్స్ చక్రం గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు 5 సార్లు ఇటో అటో కదులుతుంది. రోజుకు 4,32,000 కదలికలు. వాచీ రోజుకు 10 సెకన్లు తప్పిందంటే అన్ని కదలికల్లో తేడా వచ్చింది 50. ఈ తేడాను సరిచేయడానికి రెగ్యులేటర్ మీటను వెంట్రుకవాసి జరిపితే చాలు, రిపేరు తెలిసినవాడికి అరనిమిషం పని. అంత తేలిగ్గా దిద్దేయగల అంకెను చూసి వాచీ ఆరోగ్యాన్ని అంచనా వేయడం కుదరదు. నూనె ఎండిపోయి ఈడుస్తూ నడిచే వాచీని కూడా బల్లమీద పెట్టి మీట జరిపి, ‘ప్లస్ 3 సెకన్లు’ అని చూపించవచ్చు. చేతికి కట్టుకోగానే లెక్క తప్పుతుంది.

దాచడానికి వీల్లేని అంకె ఊపు. దీన్నే యాంప్లిట్యూడ్ అంటారు. బ్యాలెన్స్ చక్రం మధ్యస్థానం నుంచి ఒకవైపు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందన్నదే ఈ కొలత. టైమ్‌గ్రాఫర్ అనే చిన్న యంత్రం వాచీ చప్పుడు విని దీన్ని లెక్కగడుతుంది. ఆవెన్యూ రోడ్డు, చిక్కపేట ప్రాంతంలో కాస్త పెద్ద పనులు చేసే రిపేరు షాపులో అడిగి చూడండి. ఫోను యాప్‌లు రోజువారీ తేడాను ఫరవాలేదనిపించేలా చెబుతాయి కానీ, ఊపు విషయంలో వాటిని నమ్మలేం.

కొలిచే పద్ధతి ఇది. కీ పూర్తిగా ఇచ్చి అరగంట ఆగాలి. డయల్ పైకి ఉండేలా పెట్టి, అంకె నిలకడగా వచ్చేదాకా కనీసం అరనిమిషం చూడాలి. తర్వాత డయల్ కిందికి, ఆ తర్వాత వాచీని నిలబెట్టి కీ కిందికి ఉండేలా. మర్నాడు, కీ ఇవ్వకుండా, ఇవే మళ్ళీ. టైమ్‌గ్రాఫర్‌లో లిఫ్ట్ యాంగిల్ అనే సంఖ్య పెట్టాలి, అది వాచీ మోడల్‌ను బట్టి ఉంటుంది. మామూలుగా 52 ఉంటుంది, సీకో 5లో ఉండే 7ఎస్26 యంత్రానికి 53. ఇది ఒక డిగ్రీ తప్పితే ఊపు 5 డిగ్రీల దాకా తప్పుగా వస్తుంది. అందుకే రెండు వేర్వేరు మోడళ్ళ ఊపును పక్కపక్కన పెట్టి పోల్చడం కంటే, ఒకే వాచీ నిన్నటికీ ఇవాళ్టికీ, పడుకోబెట్టినప్పటికీ నిలబెట్టినప్పటికీ ఎంత మారిందో చూడటం మేలు.

బాగున్న యంత్రం పడుకోబెట్టినప్పుడు 270 నుంచి 310 డిగ్రీలు చూపిస్తుంది. నిలబెడితే 20 నుంచి 40 తగ్గుతుంది. అప్పుడు చక్రం ఇరుసు చివర మీద కాకుండా పక్కమీద ఒరుసుకుంటూ తిరుగుతుంది కాబట్టి ఆ తగ్గుదల సహజం. 70, 80 తగ్గిందంటే మురికో, ఎండిన నూనో, అరిగిన ఇరుసో ఉన్నట్టు. 24 గంటల తర్వాత నిలబెట్టి చూస్తే 200 కిందికి పోయిందా, సర్వీసింగుకు ఇవ్వాల్సిందే. పాత హెచ్‌ఎంటీ 240 చూపిస్తే సంతోషించవచ్చు. సీకో 7ఎస్26 కొత్తగా ఉన్నప్పుడే 220, 250 మధ్య తిరుగుతుంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. 330 దాటిందంటే అదీ మంచిది కాదు. చక్రం తిరిగొచ్చి అవతలి వైపు తగులుతుంది, వాచీ విపరీతంగా ముందుకు పరిగెడుతుంది.

వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే సర్వీసింగు మాట ఎత్తకముందు దిక్సూచి దగ్గర పెట్టి చూడండి. ముల్లు కదిలితే హెయిర్ స్ప్రింగ్‌కు, అంటే బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి స్ప్రింగుకు, అయస్కాంతం ఎక్కినట్టు. స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని, పనిచేసే పొడవు తగ్గుతుంది. స్పీకర్లు, హ్యాండ్‌బ్యాగు మూతలోని అయస్కాంతాలు ఇందుకు చాలు. అయస్కాంతాన్ని పోగొట్టే డీమాగ్నెటైజర్‌తో కొన్ని సెకన్ల పని. దీనికి పూర్తి సర్వీసింగు డబ్బులు ఇచ్చి వచ్చేవాళ్ళున్నారు.

క్వార్ట్జ్‌లో కూడా నెలకు 15 సెకన్ల తేడా లోపల ఉందా లేదా అన్నది పెద్ద విశేషం కాదు. స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది; నూనె ఎండినా దాని లెక్క తప్పదు. తప్పేది కరెంటు లెక్క. పళ్ళచక్రాలు బిగుసుకుంటే మోటారు ఎక్కువ లాగుతుంది. సాధారణ మూడు ముళ్ళ వాచీ ఒకటిన్నర మైక్రో యాంపియర్ దరిదాపుల్లో వాడుకుంటుంది. ఎస్‌ఆర్ 626 ఎస్‌డబ్ల్యూ అనే వెండి ఆక్సైడ్ సెల్ సామర్థ్యం దాదాపు 28 మిల్లీ యాంపియర్ అవర్లు. భాగించండి: రెండేళ్ళ పైచిలుకు. అదే సెల్ ఏడాదికే అయిపోతోందంటే వాచీ రెట్టింపు కరెంటు తింటోంది, లేదా షాపువాడు వెండి ఆక్సైడ్ సెల్‌కు బదులు అదే సైజు ఆల్కలైన్ సెల్ వేశాడు. ఆల్కలైన్ సెల్ చవక, కానీ కారి సర్క్యూట్‌ను తినేస్తుంది. సెకన్ల ముల్లు రెండేసి, నాలుగేసి సెకన్లు దూకుతుంటే సెల్ అయిపోవచ్చిందని వాచీ చెబుతున్నట్టు. అప్పుడే మార్చాలి. కట్టుకోని క్వార్ట్జ్ వాచీలో సెల్ వదిలేయడం కంటే తీసి పెట్టడం మంచిది.

వేడి కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు స్ఫటికాన్ని 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా కోస్తారు. అటూ ఇటూ ఎటు పోయినా నెమ్మదిస్తుంది. 35 డిగ్రీల గదిలో నెలకు సుమారు 9 సెకన్లు వెనకబడుతుంది. బెంగళూరు సొరుగులో సరిగ్గా ఉన్న వాచీ మే నెల చెన్నైలో వెనకబడితే దాన్ని తప్పుపట్టకండి.

నీటి విషయంలో మూత మీద రాసింది నమ్మడానికి లేదు. 30 మీటర్లు అంటే చేయి కడుక్కునేటప్పుడు చిందే నీళ్ళకు సరిపోతుందని మాత్రమే. రబ్బరు రింగు గట్టిపడితే అదీ ఉండదు. లోపల తేమ ఉందేమో ఇంట్లో చూసుకోవచ్చు: వాచీ అద్దాన్ని గోరువెచ్చగా వేడిచేసి మధ్యలో ఒక చల్లటి నీటిచుక్క వేయాలి. ఒక నిమిషం తర్వాత తుడిచినప్పుడు, అదే చోట లోపలివైపు ఆవిరి మచ్చ కనిపిస్తే ఆ వాచీని వర్షంలో బండిమీద కట్టుకోవద్దు, మూత తెరిపించాలి.

రూపం దగ్గర హెచ్‌ఎంటీ అభిమానులు ఎక్కువ మోసపోతారు. 50 ఏళ్ళ నాటి వాచీ డయల్ తళతళలాడుతుంటే సంతోషం కంటే అనుమానం రావాలి. నారింజ, చిలకపచ్చ రంగుల ‘పైలట్’లు చాలావరకు కొత్తగా రంగు వేసినవే. భూతద్దంలో చూడండి: అక్షరాల అంచులు చెదిరి ఉంటాయి, గంటల గీతలు నిమిషాల గీతలతో కలవవు. అసలు డయల్ ఎలా ఉంటుందో తెలియాలంటే జాలహళ్ళిలోని హెచ్‌ఎంటీ మ్యూజియంలో చూడవచ్చు. మచ్చపడ్డ అసలు డయల్‌కే నా ఓటు.

సీకో 5కు సర్వీసింగు ఖర్చు మించిపోతే సీకో వాళ్ళదే ఎన్‌హెచ్36 యంత్రం పెట్టించుకోవచ్చు. వారం, తేదీ రెండూ ఉంటాయి, పైగా 7ఎస్26లా కాకుండా దీనికి చేత్తో కీ కూడా ఇవ్వవచ్చు. హెచ్‌ఎంటీకి ఆ దారి లేదు. ఆ పాత యంత్రాల తయారీ ఆగిపోయింది కాబట్టి విడిభాగాలు ఎక్కువగా ఇంకో వాచీ నుంచే రావాలి. అందువల్ల ఊపు తగ్గిన హెచ్‌ఎంటీని టైం సరిగ్గా ఉందని కట్టుకు తిరగడమే అన్నిటికంటే నష్టం. నూనె లేని ఇరుసు రోజుకు 4,32,000 సార్లు అరుగుతుంది. ముందు వరసలో సర్వీసింగుకు పంపాల్సింది దాన్నే. ఇచ్చేటప్పుడు రెండు మాటలు చెప్పండి: కేసు పాలిష్ చేయొద్దని, సర్వీసింగుకు ముందు, తర్వాత మూడు స్థితుల్లో ఊపు ఎంతుందో కాగితం మీద రాసివ్వమని.