మక్క గింజ మీది చుక్క నుంచి మనిషి దాకా

హనుమకొండలో నా దగ్గర చదువుకునే డిగ్రీ పిల్లల నోట్సుల్లో ఈ ఏడాది కూడా అదే మాట: 'చెత్త డీఎన్ఏ'. ప్రోటీన్ తయారీకి సూచనలు లేని డీఎన్ఏకు, పనికిరానిదన్న అర్థంలో పడిన పేరు అది. ఆ మాట కొట్టేసి పక్కన ఏం రాయాలో చెప్పాలంటే ముందు మక్క కంకి చేతిలోకి తీసుకోవాలి.

పంట ఎనుమాముల మార్కెట్‌కు చేరే రోజుల్లో యార్డులో పసుపు రాశులే. ఈ హైబ్రిడ్ గింజలన్నిటిదీ ఒకటే రంగు. జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ 1940లలో అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో పెంచిన మక్కలు వేరు. లేతరంగు గింజ మీద ఊదా చుక్కలు చిలకరించినట్టు ఉండేవి. రంగు జన్యువులో ఇరుక్కున్న ఒక డీఎన్ఏ ముక్క, గింజ ఎదిగేటప్పుడు ఏదో ఒక కణంలో లేచిపోతుంది. ఆ కణం నుంచి పుట్టిన వాటన్నిటికీ రంగు వస్తుంది. ముందే లేచిపోతే పెద్ద మచ్చ, ఆలస్యమైతే చిన్న చుక్క. ఇలా దూకే ముక్కలకు ఆమె పెట్టిన పేరు 'నియంత్రక అంశాలు'. 1951లో వివరిస్తే చాలామందికి మింగుడుపడలేదు. నోబెల్ వచ్చేసరికి 1983, ఆమెకు 81 ఏళ్లు.

ఒకే డీఎన్ఏ అక్షరాల వరుస జీవుల డీఎన్ఏలో లక్షలసార్లు కనిపిస్తుందని 1968లో బ్రిటెన్, కోన్ అనే శాస్త్రవేత్తలు చూపారు. దూకే ముక్కల నకళ్లూ ఇలాంటి వరుసలే. జన్యువులను నడిపే ఏర్పాటులో ఈ వరుసలకు పాత్ర ఉండవచ్చని మరుసటి ఏడాదే బ్రిటెన్, డేవిడ్‌సన్ ప్రతిపాదించారు. అయినా 1972లో జన్యుశాస్త్రవేత్త సుసుము ఓనో వాడిన 'చెత్త' అన్న మాటే జనం నోట నిలిచింది. ఆ పేరు ఒక మంచి ప్రశ్నను చాలాకాలం మూసిపెట్టిందని నా బాధ.

ఎందుకంటే 1975లోనే మేరీ క్లెయిర్ కింగ్, అలన్ విల్సన్ మనిషి, చింపాంజీ ప్రోటీన్లు సగటున 99 శాతం ఒకటేనని, తేడాను జన్యువులు ఎప్పుడు, ఎక్కడ పనిచేయాలన్న నియంత్రణలో వెతకాలని అన్నారు. 2001 నాటి మానవ జన్యుపటం ముసాయిదాలో దాదాపు 45 శాతం ఈ దూకుడు ముక్కల వారసత్వమేనని తేలింది. వాటిలో 'ఆలూ' (Alu) అనే రకం ముక్కలే పది లక్షలకు పైగా.

అన్నం ముద్దను మింగకుండా నమలండి, తియ్యబడుతుంది. అది లాలాజలంలో ఉండి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే అమైలేజ్ అనే ఎంజైమ్ పని. మన పూర్వీకుల్లో క్లోమంలో పనిచేసే అమైలేజ్ జన్యువు నకలు ఒకదాని ముందు పాత రెట్రోవైరస్ (తన జన్యువులను మన డీఎన్ఏలో చొప్పించే వైరస్) అవశేషం వచ్చి చేరింది. 1992 నాటి ఎలుకల ప్రయోగంలో, ఆ అవశేషం తోడుంటేనే జన్యువు లాలాజల గ్రంథిలో మేల్కొంది. తయారయ్యే పదార్థం అదే, తయారయ్యే చోటు మారింది.

మన పూర్వీకుల తోక పోయిన సంగతి ఇంకా విచిత్రం. సుమారు రెండున్నర కోట్ల ఏళ్ల క్రితం తోక ఏర్పడటంలో పాత్ర ఉన్న టీబీఎక్స్‌టీ (TBXT) జన్యువులో ఒక ఆలూ దూరింది. దగ్గర్లో తలకిందులుగా ఉన్న పాత ఆలూతో అది జతకట్టడంతో, జన్యు సందేశం కూర్పులో ఒక భాగం కొన్నిసార్లు జారిపోతుంది. ఆ కుదించిన రూపం తయారయ్యేలా మార్చిన ఎలుకల్లో కొన్ని పొట్టి తోకతో, కొన్ని తోక లేకుండా పుట్టాయని 2024లో ప్రచురించారు.

అలాగని ప్రతి ముక్కా మేలు చేయదు. ఎక్కువ భాగం శిథిలమై పడి ఉన్నవే. రక్తం గడ్డకట్టే జన్యువులో అలాంటి ముక్క ఒకటి కొత్తగా దూరి హీమోఫిలియా తెచ్చిన రోగులను 1988లో గుర్తించారు. అందుకే పిల్లల నోట్సులో 'చెత్త' కొట్టేసినా 'విలువైన' అని రాయించలేదు. 'దూకి వచ్చిన ముక్కలు, కొన్ని మీటలయ్యాయి' అని రాయించాను.