ఒకటి నేర్చుకున్న పాట, ఒకటి పుట్టుకతో వచ్చినది

పిల్లలూ,

తాతయ్య ఆశీస్సులు. "పిట్టదేమో పాట, కప్పదేమో అరుపా? ఇదేం న్యాయం తాతయ్యా?" అని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. ఫోన్‌లో చెబితే సగం వినరు మీరు. అందుకే రాస్తున్నాను.

మన వేపచెట్టు చిటారుకొమ్మన తెల్లవారకముందే తోక నిక్కించి ఈల వేసే నలుపు తెలుపు పిట్ట గుర్తుందా? అది పెద్ద నలంచి. బంగ్లాదేశ్‌కి అదే జాతీయ పక్షి, అక్కడ దోయెల్ అంటారు. వేసవంతా దాని కచేరీయే. మొదటి గట్టి వాన పడ్డాక బాండ్రు కప్పల వంతు.

మన గొంతు పలికేది మెడలో. పిట్టకు అలా కాదు, ఇంకా కిందికి, ఊపిరి గొట్టం రెండు పాయలుగా చీలే చోట స్వరం పుడుతుంది. ఆ రెండు వైపులనూ విడివిడిగా పలికించగలదు. ఒక్క పిట్టలో ఇద్దరు గాయకులన్నమాట!

కప్ప నోరు మూసుకునే అరుస్తుంది. ఊపిరితిత్తుల్లోని గాలిని గొంతు మీదుగా సంచుల్లోకి తోసి, మళ్ళీ లోపలికి తీసుకుంటుంది. మగ బాండ్రు కప్పకు దవడల కింద రెండు నీలం సంచులు ఉబ్బుతాయి. ఆ తొలి వానల రోజుల్లో దాని ఒళ్ళంతా నిమ్మపండు పసుపు. చిన్నప్పుడు తొలిసారి చూసి, ఎవరో రంగు పూశారనుకున్నాను.

అసలు తేడా ఇంకోటి ఉంది. నలంచిలాంటి పాటపిట్టల పిల్లలకు పాట పుట్టుకతో రాదు. పెద్దవాటి పాట విని, మొదట మీ చెల్లి ముద్దుమాటల్లా తప్పులు పాడి, మెల్లగా సాధిస్తాయి. నలంచి ఇతర పిట్టల కూతలు కూడా అనుకరిస్తుంది, గడుసుది. కప్పకు గురువే లేడు. తల్లి నీళ్ళలో వేల గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. తోకకప్ప పెద్దదై, ఎవరూ నేర్పకుండానే తన జాతి అరుపు అరుస్తుంది. అయినా ఆడకప్ప ఆ హోరులో తన జాతివాడి గొంతు గుర్తుపడుతుంది. నాకైతే ఇదే ఎక్కువ వింత.

మీ వేసవి సెలవులకు నలంచి దొరుకుతుంది గానీ కప్పలు దొరకవు, అప్పటికి మట్టిలో దూరి ఉంటాయి. మొదటి వాన రాత్రి నేనే ఫోన్ చేస్తాను. స్పీకర్ ఆన్ చేసి, అమ్మను టీవీ కట్టేయమనండి.

మీ తాతయ్య