ఒక పూస కుంగాక రెండో పూస సంగతి

బియ్యం బస్తా జరపబోతే నడుం పట్టేసిందని డెబ్బై ఏళ్ల అమ్మమ్మ అంటే ఇంట్లో ముందు వెతికేది నొప్పి మాత్ర, పూతమందు. కొన్ని వారాలకు నొప్పి సర్దుకుంటుంది, సంగతి అందరూ మరిచిపోతారు. అది కండరం పట్టేయడం కాకపోవచ్చు. గుల్లబారిన వెన్నుపూస కుంగి ఉండొచ్చు. ఇలాంటి ఫ్రాక్చర్లలో దాదాపు మూడింట రెండు వంతులు అయినప్పుడు ఎవరి కంటా పడవు.

కంటపడకపోతే వచ్చే చిక్కు రెండోదానితో. ఎముకలు గుల్లబారిన, ముట్లుడిగిన స్త్రీల మీద జరిపిన ఒక పరిశీలన 2001లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. కొత్తగా ఒక పూస కుంగినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏడాది తిరక్కుండానే మరో పూస కుంగింది. ఎముక బలహీనత ఒళ్లంతా ఉన్నదే, దానికి తోడు బరువు లెక్క కూడా మారుతుంది. పూస ముందువైపు కుంగితే మనిషి ముందుకు వంగుతాడు. ఆ బరువును నిలబెట్టడానికి వీపు కండరాలు మరింత గట్టిగా లాగాలి. ఆ ఒత్తిడంతా పక్క పూసల ముందు అంచు మీద పడుతుంది.

ముప్పు అంచనాకు అన్నిటికన్నా ముందు కావలసింది పక్కనుంచి తీసిన మామూలు ఎక్స్‌రే. పూస ఎత్తు 20 నుంచి 25 శాతం తగ్గితే స్వల్పం, 40 దాకా మధ్యస్థం, అది దాటితే తీవ్రం అని జెనాంట్ బృందం 1993లో ఇచ్చిన కొలతే ఇప్పటికీ వాడుకలో ఉంది. ఎన్ని కుంగాయి, ఎంత కుంగాయి, ఎప్పుడు కుంగాయి అన్న మూడూ ముఖ్యమే. మొదటి రెండేళ్లలో ప్రమాదం మరీ ఎక్కువ. యవ్వనంలో ఉన్న ఎత్తుకంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, మడమలు గోడకు ఆనించి నిలబడితే తల వెనక భాగం గోడకు తగలకపోయినా ఎక్స్‌రే తీయించడం మంచిది.

ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో ఒక తిరకాసు ఉంది. కుంగిన పూసలో ఖనిజం అంతే ఉంటుంది, విస్తీర్ణం తగ్గుతుంది, దాంతో సాంద్రత ఎక్కువగా చూపిస్తుంది. ఆ పూసను లెక్కలోంచి తీసేసి తుంటి కొలత కూడా చూడాలి. ఇది చూడకుండా ‘మీ ఎముకలు బాగానే ఉన్నాయి’ అనిపించుకుని ఇంటికొచ్చినవాళ్లు తక్కువేం ఉండరని నా అనుమానం. ఆ సాంద్రతను ఆరోగ్యవంతులైన యువతతో పోల్చి చెప్పే టీ స్కోరు, ఎముక గుల్లబారిందనడానికి గీతగా పెట్టుకున్న మైనస్ 2.5 దాకా దిగకపోయినా, చిన్న బరువుకే పూస కుంగిందంటే ఆ ఎముక బలహీనమైనదే.

షెఫీల్డ్ విశ్వవిద్యాలయం 2008లో తెచ్చిన ఫ్రాక్స్ లెక్క వచ్చే పదేళ్లలో ఎముక విరిగే ముప్పు ఎంతో చెబుతుంది. కానీ పాత ఫ్రాక్చర్ గురించి ఉందా లేదా అనే అడుగుతుంది. పోయిన నెల రెండు పూసలు కుంగినవారూ, పన్నెండేళ్ల కిందట మణికట్టు విరిగినవారూ దానికి ఒకటే. ఈ లోటు పూడ్చడానికే తర్వాత ఫ్రాక్స్‌ప్లస్ వచ్చింది. తూలి పడిపోవడం, ఆయాసానికో కీళ్ల నొప్పులకో నెలల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలు డాక్టరుకు విడిగా చెప్పాల్సిందే. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు వదలని నొప్పి ఉంటే వెన్ను టీబీ, మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) కూడా చూసుకోవాలి.

ముప్పు ఎక్కువని తేలితే కాల్షియం బిళ్లలతో సరిపెట్టకూడదు. రెండు ఎముక మందులను పోల్చి చూసి, 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన వెరో ట్రయల్‌లో రెండేళ్లకు కొత్త వెన్ను ఫ్రాక్చర్లు రిసెడ్రోనేట్ మాత్ర వాడినవారిలో 12 శాతం, రోజూ టెరిపారటైడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 5.4 శాతం. ఎముక అరుగుదలను ఆపడానికి ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త: నొప్పి లేదు కదా అని ఉన్నట్టుండి మానేస్తే ఒకేసారి నాలుగైదు పూసలు కుంగిన సందర్భాలున్నాయి. ఆపాలనుకుంటే దాని బదులు ఏ మందు, ఎప్పటినుంచి అన్నది డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.