నాన్న తినని పొట్లకాయ

మా ఇంట్లో పొట్లకాయ వండేవాళ్ళు కాదు. మా నాన్నకు దాని వాసన పడదు, అంతే, ఆ కాయ మా గడప తొక్కలేదు. అమ్మకు ఇష్టమే గానీ "నా ఒక్కదాని కోసం ఏం వండుకుంటాన్లే" అనేది. పెళ్ళయ్యాక అత్తగారింట్లో పెసరపప్పు వేసి చేసిన పొట్లకాయ కూర వడ్డించబోతే, కనీసం రుచి చూడకుండా "నాకు పడదండీ" అనేశాను. పడదని నాకెలా తెలుసు? అప్పటిదాకా తింటే కదా!

మొన్నామధ్య మా నాలుగేళ్ళ అమ్మాయి వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో పొట్లకాయ ముక్కను కంచం అంచుకు నెట్టేసి "మేం ఇది తినం" అందట. "నేను తినను" కాదు, "మేం తినం". మూడో తరానికి చేరిందన్నమాట.

అలాగని తప్పంతా తల్లిదండ్రులదే అంటే అన్యాయం. సుమారు రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు కొత్త తిండి అంటే బెదరడం మామూలే. నడక వచ్చి, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునే వయసులో, తెలియని ఆకునీ కాయనీ అనుమానించిన పిల్లలే ఒకప్పుడు బతికి బట్టకట్టి ఉంటారని ఒక వివరణ. 2007లో బ్రిటన్‌లో 8 నుంచి 11 ఏళ్ళ కవలలు 5,390 జంటల మీద వచ్చిన అధ్యయనం, ఈ బెదురులో పిల్లలకూ పిల్లలకూ మధ్య ఉండే తేడాల్లో 78 శాతం జన్యువుల వల్లేనని లెక్కగట్టింది. కాబట్టి ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు కాకరకాయ వేపుడు కరకర నమిలేసి, ఇంకొకడు బీన్స్ చూడగానే మూతి ముడిస్తే, కోడలి పెంపకం మీద అత్తగారు ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

అయితే ఈ బెదురు అలవాటు మీద తగ్గుతుంది. ఒక్కోసారి అదే కూర ఎనిమిది, పది, పదిహేనుసార్లు నోటికి తగిలితే గానీ నచ్చడం మొదలవదు. మనమేమో రెండోసారికే "మా వాడు తినడండీ" అని తేల్చేస్తాం, అదీ వాడు వింటూండగా. నిజానికి రుచుల పరిచయం పుట్టకముందే మొదలవుతుంది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ పరిశోధన కేంద్రంలో జూలీ మెనెల్లా బృందం కొందరు గర్భిణులకు, కొందరు బాలింతలకు మూడు వారాలపాటు వారానికి నాలుగు రోజులు క్యారెట్ రసం తాగించింది. తర్వాత ఆ పిల్లలకు క్యారెట్ రుచి ఉన్న ఉగ్గు పెడితే, మంచినీళ్ళు తాగిన తల్లుల పిల్లలంతగా మొహం చిట్లించలేదు. 2001లో వచ్చిన ఫలితం ఇది.

ఇక మనందరం చేసే బేరం సంగతి. "కూర తింటే చాక్లెట్ ఇస్తా." అమెరికాలో లియాన్ బర్చ్ అనే మనస్తత్వవేత్త జీవితమంతా ఇలాంటి వాటి మీదే పనిచేశారు. 1984లో ఆమె బృందం చిన్నపిల్లలకు కెఫిర్ ఇచ్చింది, మజ్జిగలా పులిసిన పాల పానీయం. కొందరిని ఊరికే తాగనిచ్చారు, కొందరికి తాగితే బహుమతి అన్నారు. బహుమతి కోసం తాగినవాళ్ళకు దాని మీద ఇష్టం తగ్గింది. పిల్లల లెక్క చాలా సూటిగా ఉంటుంది: లంచం ఇచ్చి తాగిస్తున్నారంటే ఇదేదో బాగుండని సరుకే. అదే లెక్కన చాక్లెట్ విలువ ఇంకా పెరుగుతుంది. దాన్ని పై అరలో దాచినా అంతే. 1999లో బర్చ్, జెన్నిఫర్ ఫిషర్ ఒక రకం బిస్కెట్లను పారదర్శకమైన డబ్బాలో పెట్టి కాసేపు మాత్రమే తియ్యనిస్తే, పిల్లల ధ్యాసంతా ఆ డబ్బా మీదే! (బీరువా మీద దాచిన సున్నుండల డబ్బా ఎక్కడుందో ఇంట్లో అందరికన్నా ముందు ఎవరికి తెలుస్తుందో వేరే చెప్పాలా.)

ఇందులో ఒక మెలిక ఉంది. 2011లో లండన్ పరిశోధకులు, పిల్లలు తమకు నచ్చని కూరగాయను కాస్త రుచి చూస్తే స్టిక్కర్ ఇచ్చారు, అది బాగానే పనిచేసింది. అక్కడ అడిగింది రుచి చూడమని, గిన్నె ఖాళీ చెయ్యమని కాదు. ఇచ్చింది కూడా తిండి కాదు.

మన దగ్గర అసలు గొడవ గిన్నె ఖాళీ చేయించడం దగ్గరే. గిన్నె పట్టుకుని వరండా అంతా తిరగడం, ఇంకొక్క ముద్ద, నాన్నకో ముద్ద, తాతకో ముద్ద, లేకపోతే బూచాడొస్తాడు, ఇప్పుడు బూచాడి బదులు ఫోన్. 2006లో బర్చ్ బృందమే చేసిన సూప్ ప్రయోగంలో "తాగెయ్ తాగెయ్" అని వెంటపడినప్పటికన్నా వదిలేసినప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు, సణుగుడు కూడా తక్కువే. గోరుముద్దలు పెట్టడం తప్పని నేననను. బిడ్డ మొహం చూస్తూ, కబుర్లు చెబుతూ పెట్టడం మంచిదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు నల్గొండ జిల్లా పల్లెల్లో, బిడ్డ ఆకలినీ చాలన్న సైగనూ గమనించి తినిపించడం, ఆడించడం తల్లులకు నేర్పారు. ఆ పిల్లలు 15 నెలల వయసులో మానసిక వికాస పరీక్షల్లో మెరుగ్గా కనిపించారు. బిడ్డ తల తిప్పేసుకుంటే ఆగడం కూడా ఆ నేర్పులో భాగమే, మనకు చేతకానిది అదే.

నాకు బాగా నచ్చింది మాత్రం 2005 నాటి ఒక ప్రయోగం. మన ఉప్మా రవ్వ లాంటి రవ్వతో రంగురంగుల వంటకాలు చేసి రెండు నుంచి ఐదేళ్ళ పిల్లల ముందు పెట్టారు. పెద్దవాళ్ళు పక్కన ఊరికే కూర్చున్నప్పుడు గానీ, వేరే రంగుది తింటున్నప్పుడు గానీ పిల్లలు పెద్దగా ముట్టలేదు. సరిగ్గా అదే రంగుది తింటున్నప్పుడు బాగా తిన్నారు. అంటే పిల్లకు బీరకాయ పెట్టి మనం ఆవకాయ కలుపుకుంటే లాభం లేదన్నమాట.

అందుకని పోయిన నెల నుంచి మా ఇంట్లో పొట్లకాయ వస్తోంది. మా ఆవిడ వడ్డిస్తే మొదటి ముద్ద నేనే తింటాను, మా అమ్మాయి కూర వైపు కాకుండా నా మొహం వైపు చూస్తుంది. మూడోసారికి ఒక ముక్క నాలుకకు తాకించి, తీసి నా కంచంలో పెట్టింది. నాకు కూడా ఇంకా అంతగా నచ్చలేదు, ఆ మాట దానికి చెప్పలేదు.